ఎడమ వైపు స్పీకరు

పొయ్యి మీద ఓట్స్ జావ కుతకుతా ఉడుకుతోంది. డార్లీన్ రెండు రొట్టెముక్కలు కాల్చి, వాటి మీద మొలాసిస్ చెరకు పాకం పోసి, మొగుడి ముందు పెట్టింది. గార్నెట్ స్టీవ్స్ కిటికీలోంచి గ్యారేజీ వైపు చూస్తూ తింటున్నాడు. రాత్రి కురిసిన వానకి గ్యారేజీ తలుపు మీది బోర్డు తడిసి నల్లబడింది. పాతికేళ్ళ కింద తానే కుంచె పట్టి రాసుకున్న బోర్డు అది. 'స్టీవ్స్ కారు స్టీరియో' అని ఉండాలి. చివరి అక్షరాలకి చోటు చాలక ఇరుక్కుపోయాయి. బడి సరిగ్గా చదవనివాడు రాసిన బోర్డు అలాగే ఉంటుందని ఊళ్ళో ఎవరో ఒకరు నవ్వకుండా ఉండరు.

కూతురు కెల్సీ మాంక్టన్ కాలేజీ నుంచి సెలవులకి వచ్చి మూడు రోజులైంది. ఎలక్ట్రానిక్స్ రెండో ఏడు పూర్తయింది. జుట్టు ముడేసుకుంటూ వచ్చి తండ్రి పళ్ళెంలోంచి ఒక రొట్టెముక్క లాక్కుంది.

"నాన్నా, ఇవాళ నేనూ గ్యారేజీలోకి వస్తా."

"రా. చీపురు మూలనే ఉంది."

"చీపురు పట్టడం మా కాలేజీలో నేర్పలేదు."

"అదే మరి. పనికొచ్చేవి ఒక్కటీ నేర్పరు అక్కడ."

"ముందు తినండి, తర్వాత కొట్టుకుందురు గాని" అంది డార్లీన్ జావ వడ్డిస్తూ.

గార్నెట్ నవ్వాడు గాని ఆ నవ్వు మూతి దాటలేదు. కూతురు పక్కన నిలబడి పని చేస్తానంటే ఏ తండ్రికైనా సంతోషంగానే ఉంటుంది. అతనికీ ఉంది. కానీ సంతోషం కంటే భయం ఎక్కువుంది.

గార్నెట్ ఎడమ చెవి చచ్చిపోయి నాలుగేళ్ళయింది. కుడి చెవీ అంతంతమాత్రమే. మనుషుల మాట వినిపిస్తుంది, పిట్టల కూత వినిపించదు. మూడేళ్ళ కిందట ఇంట్లో చెప్పకుండా మాంక్టన్ వెళ్ళి పరీక్ష చేయించుకున్నాడు. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించిన అమ్మాయి ఒక కాగితం చూపించింది. దాని మీద ఎడమ చెవి గీత మెట్ల మీంచి జారిపడ్డవాడిలా కిందికి పడిపోయి ఉంది. ఇంటికొచ్చి ఆ కాగితాన్ని కట్టెల పొయ్యిలో వేశాడు. ముప్పై ఏళ్ళు కుర్రకారు కార్లలో పీపాలంత స్పీకర్లు బిగించి, వాటి మధ్య తల పెట్టి సరిచూసినందుకు దక్కిన ఫలితం అది.

పదో తరగతి సగంలో మానేసినవాడికి చూపించుకోవడానికి చేతిలో కాగితం ఉండదు, పని ఉంటుంది. గార్నెట్ పనంతా చెవిలో ఉంది. స్టీరియోలవాడికి చెవుడని తెలిస్తే ఈ చుట్టుపక్కల ససెక్స్ నుంచి హాంప్టన్ దాకా ఒక్కడు కూడా కారు తాళం చేతిలో పెట్టడు. యాభై మూడేళ్ళ వయసులో ఇంకెవడు పనిస్తాడు? అందుకే ఎవరికీ చెప్పలేదు. పెళ్ళానికి కూడా.

ఆ వారం గ్యారేజీలో ఉన్నది మామూలు కారు కాదు. డెబ్బైల్లో ఈ ప్రావిన్సులోనే ఫ్యాక్టరీ పెట్టి, రెండేళ్ళు తయారుచేసి, దివాలా తీసి మూసేసిన స్పోర్ట్స్ కారు. దాని సంగతి ఎత్తితే ఇప్పటికీ సగం మంది నవ్వుతారు, సగం మంది తల దించుకుంటారు. తలుపులు పక్కకి తెరుచుకోవు. కీళ్ళు పైకప్పు దగ్గర ఉంటాయి కాబట్టి, కొంగ రెక్కలు ఎత్తినట్టు పైకి లేస్తాయి. దాని నారింజ రంగు పైన పూసింది కాదు, ప్లాస్టిక్కులోనే కలిపి పోతపోసింది. గీసినా పోదు, పగిలితే అతకదు.

కారు ఎల్డా కీర్‌స్టెడ్‌ది. డెబ్బై ఆరేళ్ళ మనిషి. ముప్పై ఏళ్ళు ఊరి స్కూలు బస్సు నడిపింది. ఆ ఫ్యాక్టరీలో పనిచేసిన మొగుడు పోయాక కారు ఆమె చేతికొచ్చింది. జూలైలో ఆ కార్లవాళ్ళంతా సెయింట్ జాన్‌లో కలుస్తారు. అక్కడిదాకా పాటలు వింటూ వెళ్ళాలని ఆమె కోరిక. ఆ ఉదయం పది గంటలకి రూబార్బ్ కాడలు పెట్టి కాల్చిన తీపి పిండివంట ఒకటి గుడ్డలో చుట్టుకుని గ్యారేజీకి వచ్చింది.

"గార్నెట్, ముందే చెప్తున్నా. నా కారుకి ఒక్క చిల్లు పడిందంటే నీ చెవి మెలేసి మెయిన్ స్ట్రీట్ అంతా నడిపిస్తా."

"చిల్లు లేకుండా స్పీకర్లు ఎలా నిలబడతాయి మిసెస్ కీర్‌స్టెడ్? ప్రార్థన చేసి గాల్లో నిలబెట్టమంటారా?"

"అది నీ తెలివి. నిన్ను బస్సు వెనక సీట్లోంచి లాక్కొచ్చి ముందు కూర్చోబెట్టినదాన్ని. నీ తెలివెంతో నాకు తెలుసు."

"ఆ బస్సు దిగి మళ్ళీ ఎక్కలేదు చూడండి, అందుకే ఇంత బాగుపడ్డా."

ఎల్డా పకపకా నవ్వింది. కెల్సీ మాత్రం తండ్రి మొహంలోకి చూసింది. ఆ మాట అన్నప్పుడల్లా ఆయన కళ్ళు నవ్వవని ఆమెకి చిన్నప్పటి నుంచీ తెలుసు.

గార్నెట్ కొత్త కారు వస్తే ముందు పనిముట్టు పట్టడు. అట్టపెట్టెలు కోస్తాడు. స్పీకరంత గుండ్రాలు, ఆంప్లిఫయరంత పలక. వాటిని టేపుతో అక్కడా ఇక్కడా అంటించి, సీట్లో కూర్చుని, దిగి, మళ్ళీ కూర్చుని, రోజంతా చూస్తాడు. ఆ అట్టముక్కలు కుదిరాకే వైరు ముడి విప్పుతాడు. ఆ రోజు కెల్సీ అట్టలు కోసింది, అతను అంటించాడు.

"తలుపుల్లో పెడితే చెవికి దగ్గరగా ఉంటాయి కదా?" అంది కెల్సీ.

"ఒక్కో తలుపు నలభై కిలోలు. మీట నొక్కితే పంపు దాన్ని పైకి లేపుతుంది. అసలే ముసలి పంపు. దానికి ఇంకో మూడు కిలోలు తగిలిస్తే వానలో సగం లేచి ఆగిపోతుంది. మిసెస్ కీర్‌స్టెడ్ గొడుగు కింద నిలబడి నన్ను తిడుతుంది."

"గొడుగుతో కొడతా" అంది ఎల్డా.

"పైగా వైరు పైకప్పు కీలులోంచి వెళ్ళాలి. తలుపు లేచినప్పుడల్లా వైరు వంగుతుంది. ఏదో ఒక రోజు తెగుతుంది. అందుకని తలుపులు వద్దు. ఇదిగో, కాళ్ళు పెట్టే చోట చివర, అటొకటి ఇటొకటి. తివాచీ వెనక చిన్న చెక్కపెట్టెలు చేసి ఇరికిస్తా. ఒక్క స్క్రూ కూడా పడదు. మూతులు పైకి తిప్పుతా, పాట మోకాళ్ళ దగ్గర ఆగిపోకుండా. బరువు చప్పుడుకి పెద్ద స్పీకరు సీట్ల వెనక."

"మరి ఆంప్లిఫయరు? వెనక అద్దం కింద బోలెడు చోటుంది."

"ఆ అద్దంలోంచి ఎండ పడిందంటే లోపల గుడ్డు ఉడుకుతుంది. ఆంపుకి గాలి కావాలి. కుడి సీటు వెనక నిలువుగా, గోడకి రెండు వేళ్ళ ఎడంతో."

కెల్సీ ఆ మూలకి దూరి చూసింది. "కుడి మూల తలుపుల పంపు ఉంది నాన్నా. అది కరెంటు లాగినప్పుడల్లా ఆ గోల ఆంపులోకి ఎక్కుతుంది. ఆంపుని ఎడమ సీటు వెనక పెడదాం. కరెంటు వైరు ఒక పక్కనుంచి, పాట వైరు ఇంకో పక్కనుంచి."

గార్నెట్ అట్టపలక ఊడదీసి ఎడమకి అంటించాడు. "ఇది కాలేజీలో చెప్పారా?"

"కాదు. నాకు పన్నెండేళ్ళప్పుడు నువ్వే చెప్పావు."

అతను టేపు మీద బొటనవేలు ఒకటికి రెండుసార్లు రుద్దాడు.

పని నాలుగు రోజులు సాగింది. చెక్కపెట్టెలు కోసిందీ, తివాచీ అంచు కనపడకుండా మడిచిందీ గార్నెట్. పెట్టెలు ఎంత బాగా ఇమిడాయంటే ఫ్యాక్టరీలోనే పుట్టినట్టున్నాయి. వైర్లన్నీ కెల్సీ లాగింది. కరెంటు తిరిగి బ్యాటరీకి పోయే ఎర్త్ వైరు మాత్రం గార్నెట్ తానే కలిపాడు, ఎప్పటిలాగే సీటు బోల్టుకి. శనివారం మధ్యాహ్నం గ్యారేజీ తలుపు పూర్తిగా ఎత్తి, కారు సగం బయటికి తోసి, ఇంజను వేసి, పాట పెట్టాడు. ఎడమ పక్కనున్న డ్రైవరు సీట్లో కూర్చుని మీటలు తిప్పి తిప్పి, చివరికి తృప్తిగా తలూపి దిగాడు.

"ఎక్కు. నువ్వు విను."

కెల్సీ ఎక్కింది. కాసేపు కళ్ళు మూసుకుంది. తెరిచాక ఆమె మొహంలో తాను అనుకున్నది కనపడలేదు గార్నెట్‌కి.

"ఏం?"

"బాగుంది. కానీ అంతా ఎడమకి లాగుతోంది నాన్నా. ఎడమ స్పీకరు అరుస్తోంది, కుడిది గొణుగుతోంది."

"నువ్వు వంకరగా కూర్చున్నావ్."

ఆమె సర్దుకుని కూర్చుంది. ఫోను తీసి రెండు పక్కల చప్పుడూ కొలిచింది. ఆ అంకె బయటికి చెప్పలేదు. తర్వాత యాక్సిలరేటరు మెల్లగా తొక్కింది. నొసలు ముడిపడింది.

"ఇంకోటి. కూత వస్తోంది."

"ఏ కూత?"

"సన్నగా, దోమలాగా. తొక్కితే పెరుగుతోంది, వదిలితే తగ్గుతోంది. ఇదిగో... ఇదిగో ఇప్పుడు."

గార్నెట్ కారులోకి తల దూర్చాడు. పాట వినపడుతోంది. పెద్ద స్పీకరు దెబ్బ రొమ్ము మీద తెలుస్తోంది. దోమ లేదు, ఏమీ లేదు. అయినా చాలాకాలంగా అలవాటైన పద్ధతిలో తల ఒక పక్కకి వంచి, వింటున్నట్టు మొహం పెట్టాడు.

"అది ఇంజను బెల్టు."

"బెల్టు బయటుంది కదా. ఇది స్పీకర్లోంచి వస్తోంది. నాన్నా, ఎర్త్ సీటు బోల్టుకే కలిపావు కదా?"

"ముప్పై ఏళ్ళుగా సీటు బోల్టుకే కలుపుతున్నా."

"అవన్నీ ఇనుప కార్లు. దీని ఒళ్ళంతా ఫైబర్. ఆ బోల్టు ఎక్కడికి పోతుందో..."

"ఎక్కడికి పోతుందో నాకు తెలుసు! దాని కింద ఇనుప పట్టీ ఉంది."

"ఆ పట్టీ ఫైబర్‌లో పూడుకుపోయి ఉంది. అది కింద అసలు ఫ్రేముకి అంటుకుందో లేదో. తుప్పు పట్టి..."

"రెండేళ్ళు పుస్తకాలు తిరగేసి నాకు ఎర్త్ నేర్పుతావా? నువ్వు పుట్టకముందు నుంచీ నేను ఈ పనిలో ఉన్నా. కూత లేదంటే లేదు!"

కెల్సీ తాళం తిప్పి ఇంజను ఆపింది. పాట కూడా ఆగింది. గార్నెట్ విసురుగా వెళ్ళి సీటు వెనక వంగి, అప్పటికే బిగిసి ఉన్న స్క్రూని మళ్ళీ బిగించడం మొదలెట్టాడు. ఆమె దిగి, మెల్లగా వచ్చి, అతని ఎడమ భుజానికి రెండడుగుల దూరంలో నిలబడింది. మామూలు మాటంత బిగ్గరగానే అంది.

"నాన్నా, నీ చొక్కాకి నిప్పంటుకుంది."

అతను స్క్రూ తిప్పుతున్నాడు.

"నాన్నా, అమ్మ కింద పడిపోయింది."

అతను స్క్రూ తిప్పుతూనే ఉన్నాడు.

కెల్సీ చుట్టూ తిరిగి కుడి పక్కకొచ్చింది. "నాన్నా."

"ఏంటి?" అంటూ తలెత్తాడు. కూతురి చెంపలు తడిసి ఉన్నాయి.

"ఇందాక నీకు రెండుసార్లు ఏదో చెప్పాను. ఏం చెప్పానో చెప్పు."

గార్నెట్‌కి అర్థమైంది. చేతిలోది బల్ల మీద పెట్టాడు. నెత్తురంతా మొహంలోకి వచ్చింది. తప్పు చేస్తూ దొరికిపోయిన మనిషికి సిగ్గు ముందొస్తుందో కోపం ముందొస్తుందో తెలియదు గాని, బయటపడేది మాత్రం కోపమే.

"నన్ను పరీక్ష పెడతావా? నా గ్యారేజీలో నిలబడి, నా కూడు తిని, నాకే పరీక్షా? బయటికి పో."

"నాన్నా, నేను..."

"పో! మాంక్టన్ పో. చదువుకున్నోళ్ళతోనే ఉండు. ఈ గ్యారేజీలో ఇంక కాలు పెట్టకు."

ఆమె వెళ్ళిపోయింది. వెళ్తూ ఏదో అంది. అదీ అతనికి వినపడలేదు.

శనివారం రాత్రి ఆ ఇంట్లో ఎప్పుడూ బీన్స్, బ్రౌన్ బ్రెడ్. డార్లీన్ అమ్మ కాలం నుంచీ అంతే. పొద్దుటి నుంచీ ఓవెన్‌లో ఉడికిన బీన్స్ కుండ బల్ల మధ్య పెట్టి, ముగ్గురికీ వడ్డించింది. ముగ్గురిలో ఎవరూ చెంచా ఎత్తలేదు. గుమ్మం పక్కన కెల్సీ బ్యాగు జిప్పు పెట్టి సిద్ధంగా ఉంది.

"ఆ బ్యాగేమిటి?" అంది డార్లీన్.

"దాన్నే అడుగు" అన్నాడు గార్నెట్.

"అమ్మా, నాన్నకి..."

"నోరు ముయ్!"

"నాన్నకి వినపడదు. అదేగా నువ్వు చెప్పబోయేది?" అంది డార్లీన్.

గార్నెట్ చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. గోడ గడియారం కొట్టుకుంటోంది. అది కెల్సీకి, డార్లీన్‌కి మాత్రమే వినపడుతోంది.

"నీకెవరు చెప్పారు?" అన్నాడు చివరికి.

"ఒకరు చెప్పాలా గార్నెట్? ఇరవై ఆరేళ్ళు నీతో కాపురం చేశా. నాలుగేళ్ళ నుంచి నీ కుడి పక్కనే బతుకుతున్నా, చూసుకోలేదా? మంచం మీద పక్క ఎందుకు మారాననుకున్నావ్?"

"నడుం నొప్పన్నావ్."

"నడుం నొప్పి నాకెప్పుడుంది? రాత్రిపూట ఏదైనా చెప్తే నువ్వు పలకవు. మొదట్లో అలిగావనుకున్నా. నెల రోజులు ఏడ్చా. తర్వాత ఒకరోజు నువ్వు ఎడమ చెవి దిండుకి ఆనించి పడుకుంటే పలికావు. అప్పుడు తెలిసింది. మర్నాడే పక్క మార్చుకున్నా. చర్చిలో నువ్వు చివర కూర్చునేవాడివి, నిన్ను లోపలికి తోసి నేను చివర కూర్చుంటున్నా. ఈ బల్ల దగ్గర నా కుర్చీ మార్చా. ఫోనొస్తే నీకంటే ముందు పరిగెత్తుతున్నా. ఒక్క రోడ్డు మీద మాత్రం ఎడమ పక్కన నడుస్తా. ఎందుకో తెలుసా? కార్లు వెనకనుంచి అటుగా వస్తాయని."

గార్నెట్ బల్ల వంక చూస్తున్నాడు. నాలుగేళ్ళుగా ఒక మాట అతని లోపల పుండులా సలుపుతోంది. పెళ్ళాం పక్క మార్చిన రాత్రి మొదలైన పుండు. బడి లేనివాడు, చేతులకి గ్రీజు పోనివాడు, వయసు మళ్ళుతున్నవాడు, వీడితో ఎన్నాళ్ళులే అనుకుంది కాబోలని అనుకున్నాడు. ఆ కసితోనే ఇంట్లో మాటలు తగ్గించాడు.

"నేనేమో... నువ్వు నాకు దూరం జరిగావనుకున్నా."

"వినపడే చోటికి జరిగాను, అంతే."

"మరి అడగలేదేం?"

"నువ్వే చెప్తావని. ఇవాళ చెప్తాడు, క్రిస్మస్‌కి చెప్తాడు, నీ యాభయ్యో పుట్టినరోజుకి చెప్తాడు. నీ అబద్ధానికి నేను కాపలా కాశా. తప్పు నాదీ ఉంది. నేను కాపలా కాయబట్టే ఇవాళ నువ్వు ఈ పిల్లని గ్యారేజీలోంచి గెంటగలిగావ్. ఇంక నావల్ల కాదు."

ఆమె లేచింది. తన పళ్ళెం, తన చెంచా, తన కుర్చీ తీసుకుని బల్ల చుట్టూ తిరిగి, గార్నెట్ ఎడమ పక్కన వేసుకుని కూర్చుంది. అతని చెవి వైపు చూస్తూ ఏదో అంది. పెదాలు కదలడం అతనికి కంటి చివరన కనిపించింది. మాట రాలేదు.

అలాంటప్పుడు ఏం చెయ్యాలో గార్నెట్‌కి తెలుసు. తలూపాలి. లేదా నవ్వాలి. లేదా 'చూద్దాంలే' అనాలి. నాలుగేళ్ళు ఆ మూడింటితోనే నెట్టుకొచ్చాడు. ఎదురుగా కెల్సీ ఊపిరి బిగబట్టి చూస్తోంది.

"ఏమన్నావ్?" అన్నాడు. ఆమె వైపు తిరిగి, "నాకు వినపడలేదు డార్లీన్" అన్నాడు.

నోటినుంచి ఆ మాట రాగానే చేత్తో మొహం కప్పుకున్నాడు. డార్లీన్ అతని ముంజేతిని పట్టుకుని, కుడి చెవి దగ్గరకి వంగి, "'బీన్స్ చల్లారిపోతున్నాయి, తిను' అని చెప్పాను" అంది. అంటూనే ఆమె కూడా ఏడ్చేసింది. కెల్సీ లేచి వెళ్ళి బ్యాగు తీసి మేడ మీద తన గదిలో పెట్టి వచ్చింది. ఆ తర్వాత ముగ్గురూ ఉప్పు తక్కువైందని కూడా అనకుండా తిన్నారు.

ఆదివారం చర్చి నుంచి రాగానే, మంచి చొక్కా విప్పకుండానే, గార్నెట్ ఫోను తీసి కుడి చెవికి ఆనించుకున్నాడు. డార్లీన్ చెయ్యి చాపింది, తాను మాట్లాడతానన్నట్టు. వద్దని తలూపాడు.

"మిసెస్ కీర్‌స్టెడ్, కారు రేపు ఇవ్వలేను. స్పీకర్లలో కూత వస్తోంది."

"కూతా? నిన్న సాయంత్రం ఫోను చేస్తే అంతా అయిపోయిందన్నావుగా?"

"అన్నాను. అబద్ధం. నాకు ఆ కూత వినపడదు. నా ఎడమ చెవి పోయింది. కుడిదీ సగమే. మా అమ్మాయి విని చెప్తే దాన్ని తిట్టాను."

ఇప్పుడు కారు పట్టుకుపోతానంటుంది, మధ్యాహ్నానికి ఊరంతా తెలుస్తుంది అనుకున్నాడు. అనుకుని, అలాగే నిలబడ్డాడు.

"చెవుడు ఎన్నాళ్ళ నుంచి?"

"నాలుగేళ్ళు."

"రెండేళ్ళ కింద మా మేనల్లుడి ట్రక్కు నువ్వే చేశావు. ఎడమ పక్క గోల గోలగా ఉందని వాడు నాకు చెప్పి చెప్పి చంపాడు. నువ్వు మంచివాడివని నేను వాడి నోరు మూయించా."

గార్నెట్ కళ్ళు మూసుకున్నాడు. "ఆ ట్రక్కు పంపించండి. మళ్ళీ చేసిస్తా."

"పంపిస్తా. గార్నెట్, నేను నీ మీద జాలిపడి ఈ మాట అనట్లేదు. ఇది మా ఆయన రాయిస్ కారు. ఆయన చేతులతో బిగించిన కారు. దానికి ఏది సరిగా ఉందో ఏది లేదో నాకు నిజం చెప్పేవాళ్ళు కావాలి. ఆ పిల్లకివ్వు ఫోను."

అతను ఫోనుని కూతురికి అందించాడు. ముప్పై ఏళ్ళలో తన గిరాకీ ఒకరు తనని దాటి ఇంకొకరిని అడగడం అదే మొదటిసారి. నొప్పిగానే ఉంది. కెల్సీ "అవునండీ... అవును... ఎర్త్ మార్చాలి... ఎడమ స్పీకరు తగ్గించాలి... కాదండీ, పనితనం చాలా బాగుంది, చెక్కపెట్టెలు చూస్తే మీరు..." అంటూ తండ్రి వంక చూసింది. అతను తల పక్కకి తిప్పుకున్నాడు. "బుధవారం" అని చెప్పి ఆమె ఫోను పెట్టేసింది.

"బుధవారం దాకా గడువిచ్చింది. కారు అప్పజెప్పడానికి వెళ్ళేటప్పుడు నడిపేది నేనట, పక్కన నువ్వు కూర్చోవాలట."

"చొక్కా మార్చుకుని వస్తా" అన్నాడు గార్నెట్.

గ్యారేజీ తలుపు ఎత్తారు. కారుని ర్యాంపుల మీదికి ఎక్కించి, చక్రాలకి దుంగలు అడ్డం పెట్టాడు. వెల్లకిలా పడుకుని చక్రాల పలక మీద కారు కిందకి జారాడు. పైన కెల్సీ ఇంజను వేసి, పాట ఆపి, చెవులు రిక్కించి కూర్చుంది. కింద దీపం వెలుగులో చూస్తే ఆమె చెప్పిందే నిజం. సీటు బోల్టు కింది పట్టీ, ఫ్రేముని తాకాల్సిన చోట తుప్పు పొరలుగా ఊడిపోతోంది. ఎర్త్ వైరుని చిల్లు అవసరం లేకుండా పాత రబ్బరు మూతలోంచి కిందికి దించాడు. పట్టీ చివర గీకి కలిపాడు.

"ఇప్పుడు?" అని అరిచాడు.

పైనుంచి జవాబు వచ్చిందో లేదో తెలియలేదు. ఇంజను హోరు ఒక్కటే. "కెల్సీ, ఇప్పుడు?" అని మళ్ళీ అరిచాడు. వినపడలేదు. కోపం తన్నుకొచ్చింది, కూతురి మీద కాదు.

అప్పుడు బయట ఉన్న అతని బూటు అడుగున చిన్నగా తగిలింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి. ఆమె దిగి వచ్చి వేళ్ళతో తడుతోంది. రెండు తట్లు. చిన్నప్పటి గుర్తే, అవునంటే ఒకటి, కాదంటే రెండు. కూత ఇంకా ఉంది అన్నమాట.

ఫ్రేము వెనకవైపు అడ్డదూలానికి వైరు మార్చాడు. కాసేపటికి మళ్ళీ రెండు తట్లు. ఇంకా వెనక్కి జరిగి, బ్యాటరీ ఎర్త్ వచ్చి కలిసే చోటు పట్టుకున్నాడు. అక్కడ ఫ్రేము మందంగా ఉంది. యాభై ఏళ్ళ మురికి, నల్లరంగు, తుప్పు. ఇనుప కుంచెతో గీకాడు. భుజం లాగేసింది, కంట్లో పొడి పడింది. గీకగా గీకగా రూపాయంత మేర ఇనుము వెండిలా మెరిసింది. ఆ మెరుపు మీద వైరు పెట్టి బిగించాడు. అలా గీకడం మాత్రం కెల్సీకి ఏ పుస్తకమూ నేర్పలేదు. మరి అలా వినడం తనకి ఇంక ఈ జన్మలో రాదు. రెండూ కలిస్తేనే కారు.

ఈసారి "ఇప్పుడు?" అని అరవలేదు. పడుకుని ఎదురుచూశాడు. పైన సీటు మూలిగినట్టు ఫ్రేము మీద అతని చేతికి తెలిసింది. ఇంజను వేగం పెరిగింది, తగ్గింది, మళ్ళీ పెరిగింది. చాలాసేపు పట్టింది. అడుగుల నీడ వచ్చి బూట్ల దగ్గర ఆగింది.

ఒక్క తట్టు.

ఇంకోటి వస్తుందేమోనని చూశాడు. రాలేదు. ఆ వేళ్ళు బూటు మీదే ఆగిపోయాయి.

తనకి ఎన్నడూ వినపడని కూత, తనకి వినపడకుండానే పోయింది. కూతురి వేళ్ళు చెప్తే నమ్మాడు. కళ్ళలోంచి నీళ్ళు చెంపల మీదికి కాక చెవుల్లోకి కారాయి. వెల్లకిలా పడుకున్నవాడికి అంతే కదా. తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తితే పైన ఫ్రేము తగిలింది.

కెల్సీ వెళ్ళి ఇంజను ఆపి వచ్చింది. హోరు తగ్గాక గ్యారేజీ అంతా పెద్దదైపోయినట్టుంది. మళ్ళీ వచ్చి అతని కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని, బూటు మీద చెయ్యేసింది. బయటికి రమ్మని పిలవలేదు.

"మంగళవారం మాంక్టన్ పోదాం" అన్నాడు గార్నెట్ కారు కిందనుంచే. "ఆ చెవులవాళ్ళ దగ్గరికి. అమ్మని కూడా రమ్మందాం. కానీ నేనే నడుపుతా. నువ్వు ముందు సీట్లో, నా కుడి పక్కన కూర్చో. దారంతా ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు. వస్తావా?"

బూటు అడుగున ఒక్క తట్టు తగిలింది.